దేవతల వాటా పోగా...

మా రూమ్మేట్ ఫోన్‌లో ఒక పీడీఎఫ్ ఉంది. ఇరవై పేజీలు. మొదటి పేజీలో పచ్చటి కొండ, దాని ముందు ఓ ఓక్ పీపా, పీపా మీద బంగారు రంగు అక్షరాలు. లోపలంతా గ్రాఫులు. ఒక్కటీ కిందికి దిగదు, అన్నీ పైకే. లండన్‌లో ఉన్నామని చెప్పుకునే ఏదో కంపెనీ వాడు నెల రోజుల్నుంచి మావాడికి ఫోన్లు చేస్తున్నాడు. మూడున్నర వేల పౌండ్లు కడితే నీ పేరు మీద ఒక విస్కీ పీపా. పదేళ్లు కదపకుండా ఉంచితే చాలు, అదే పెరుగుతుంది. ఏడాదికి 12 శాతం.

"స్కాచ్‌లో ఎఫ్‌డీ అనుకో మావా" అన్నాడు మావాడు.

ఆ మూడున్నర వేలు ఎక్కడివో నాకు తెలుసు. మాస్టర్స్ చేసినన్నాళ్లూ చేపల ఫ్యాక్టరీలో నైట్ షిఫ్టులు చేసి, ఉద్యోగం వచ్చాక ఏడాదిగా కడుపు కట్టుకుని దాచినవి. ఊళ్లో వాళ్ల నాన్నగారి మూడెకరాల కాగితాలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. ఆ అప్పుకి పంపాల్సిన డబ్బు అది. "పదేళ్లకి మూడింతలైతే నాన్నకే కదరా లాభం" అంటాడు. సోమవారం లోపు కట్టాలట. తర్వాత ఆఫర్ ఉండదట.

నాకు విస్కీ గురించి అప్పటికి తెలిసింది తక్కువ. కానీ ఒక మాట మాత్రం అన్నాను. "బర్రెని కొనేటప్పుడు కూడా పళ్లు చూస్తారు కదరా. నువ్వు జన్మలో ఒక్క పీపా అయినా చూశావా?"

చూడలేదు. నేనూ చూడలేదు. ఏప్రిల్లో ఒక శుక్రవారం ఇద్దరం సెలవు పెట్టి, అబర్డీన్ నుంచి పడమరకి కారేసుకుని బయల్దేరాం.

ఎక్కడికి అన్నది పీడీఎఫ్ ఏడో పేజీ తేల్చింది. అందులో "షెర్రీ పీపాలో 40 ఏళ్లు" అని ఒక నల్లటి సీసా బొమ్మ, కింద వేలంలో పలికిన ధర. ఆ సీసా పేరు నేనిక్కడ రాయను. కానీ ఇలాంటి పాత షెర్రీ పీపాల విస్కీకి స్కాట్లాండ్‌లో అడ్డా ఎక్కడా అని వెతికితే నాలుగైదు పేర్లు వచ్చాయి. వాటిలో గ్లెన్‌ఫార్‌క్లాస్ ఒకటి. 1865 నుంచి ఒకే కుటుంబం చేతుల్లో ఉందని చదివాక వేరేది చూడబుద్ధి కాలేదు.

హంట్లీ దాటాక రోడ్డు సన్నబడుతుంది. రెండువైపులా బార్లీ చేలకి దున్నిన నేల, గొర్రెలు, మధ్యమధ్యలో రాతి ఇళ్లు. డఫ్‌టౌన్ వచ్చేసరికి ప్రతి మలుపులోనూ ఒక డిస్టిలరీ. స్పే నది చుట్టుపక్కల ఈ చిన్న ప్రాంతంలోనే 50 దాకా ఉన్నాయి. మన దగ్గర గోదావరి జిల్లాల్లో రైసు మిల్లులు ఎలాగో ఇక్కడివి అలాగ. డ్యూటీ ఫ్రీలో అద్దాల వెనక చూసిన పేర్లన్నీ ఇక్కడ ఊరి బోర్డుల మీద, పాలకేంద్రం పేర్లంత మామూలుగా కనిపిస్తుంటాయి. అబర్లూర్ దాటి ఇంకొన్ని మైళ్లు వెళ్తే ఎడమ పక్కన బెన్ రిన్నెస్ కొండ. 840 మీటర్ల ఎత్తు. ఏప్రిల్ అయినా నెత్తిన ఇంకా అక్కడక్కడా మంచు. ఆ కొండ పాదం దగ్గర, బాలిండాలోక్ అనే చోట, పొలాల మధ్య ఉంది గ్లెన్‌ఫార్‌క్లాస్. గేలిక్ భాషలో ఆ పేరుకి పచ్చగడ్డి లోయ అని అర్థం చెబుతారు. పేరుకి తగ్గట్టే ఉంది.

కారు దిగగానే నాకు వింతగా అనిపించింది చెట్లు. కాండాలు నల్లగా, మసి పూసినట్టు. గోదాముల గోడలూ అంతే. ఏదైనా అగ్నిప్రమాదం జరిగిందేమో అనుకున్నాం. కాదట. అదొక రకం బూజు. పీపాల్లోంచి గాల్లోకి పోయే ఆల్కహాల్ ఆవిరి తిని బతుకుతుంది. విస్కీ గోదాములు ఎక్కడున్నా చుట్టుపక్కల ఈ నలుపు ఉంటుంది. అంటే లోపల దాచింది బయటికి పోతోందనడానికి మొదటి సాక్ష్యం పార్కింగ్‌లోనే దొరికింది. మావాడు మాత్రం అప్పటికింకా సెల్ఫీల్లో ఉన్నాడు.

లోపలికి వెళ్తే ఒక ముసలాయన మాలాంటి ఎనిమిది మందిని వెంటేసుకుని తిప్పాడు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని పిండి కొట్టి, వేడినీళ్లలో కలిపి తీపి రసం తీయడం, ఈస్ట్ వేసి పులియబెట్టడం, ఇదంతా ఏ డిస్టిలరీలోనైనా ఉండేదే. యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి. నేను ఆగిపోయింది రాగి పాత్రల దగ్గర.

మొత్తం ఆరు. ఒక్కోటీ చిన్న గుడి గోపురమంత. ఇంగ్లిష్‌లో స్టిల్ అంటారు గానీ, మన భాషలో నిజం చెప్పుకోవాలంటే అది సారా బట్టీయే. చాలా డిస్టిలరీలు ఇప్పుడు వీటిని లోపల తిప్పిన ఆవిరి గొట్టాలతో వేడి చేస్తాయి. సులువు, ఖర్చు తక్కువ. ఇక్కడ మాత్రం ఇప్పటికీ కింద గ్యాస్ మంట పెడతారు. మంట తగిలితే అడుగంటుతుంది కదా, అందుకని పాత్ర లోపల రాగి గొలుసు ఒకటి గిరగిరా తిరుగుతూ అడుగుని గీకుతుంటుంది. పాలకోవా చేసేటప్పుడు గరిట ఆపకుండా తిప్పడం లాంటిదే.

1981లో వీళ్లూ ఆవిరికి మారదామని కొన్నాళ్లు ప్రయత్నించారు. వచ్చిన స్పిరిట్ రుచి చూస్తే బరువు తగ్గింది. ఇలా పలచబడ్డ సరుకు దశాబ్దాలు ఓక్ చెక్కలో నిలబడదని, మళ్లీ మంటకే వచ్చేశారు. ఆ రోజు పీపాలోకి పోసింది బాగుందో లేదో తేలేది ఇరవై ముప్ఫై ఏళ్ల తర్వాత. తప్పు చేస్తే అది తెలుసుకునేది కొడుకో మనవడో. ఆ భయంతో తీసుకున్న నిర్ణయం అది.

బట్టీలోంచి వచ్చే స్పిరిట్ నీళ్లలా తెల్లగా ఉంది. మొదట వచ్చేదీ చివర వచ్చేదీ పక్కకి తీసి మధ్యలోదే ఉంచుకుంటారు. విస్కీ రంగు బార్లీలోంచి వస్తుందని నేను ఇన్నాళ్లూ అనుకునేవాణ్ని. కాదు, అది చెక్క ఇచ్చే రంగు. ఈ తెల్లటిది ఓక్ పీపాలో, స్కాట్లాండ్ నేల మీదే, కనీసం మూడేళ్లు ఉంటే గానీ చట్టం దాన్ని స్కాచ్ అననివ్వదు. కొన్ని కంపెనీలు రంగు కోసం కారమెల్ కలుపుతాయి, దానికి చట్టం ఒప్పుకుంటుంది. ఇక్కడ కలపరు.

వయసు గురించి కూడా ఒక మాట. మన పెళ్లిళ్లలో బ్లాక్ లేబుల్ అంటే ఒక హోదా కదా, దాని మీద 12 అని ఉంటుంది. అందులో కలిసిన విస్కీలన్నిటిలోకీ చిన్నదాని వయసు అది. పైగా ఆ వయసు పీపాలో ఉన్నంతకాలమే. సీసాలో పోసి మూత పెట్టాక ఆగిపోతుంది. మీ మామయ్య బీరువాలో ఇరవై ఏళ్లుగా దాచిన 12 ఏళ్ల విస్కీ ఇవాళ్టికీ 12 ఏళ్లదే. ఈ సంగతి ఆయనకి చెప్పాలో వద్దో మీ ఇష్టం.

ఇక షెర్రీ. ఇది స్పెయిన్ దక్షిణాన హెరెస్ చుట్టుపక్కల చేసే ద్రాక్ష సారాయం. వైన్‌కి కాస్త ద్రాక్ష స్పిరిట్ కలిపి ఘాటు పెంచుతారు. బ్రిటన్ వాళ్లకి ఇదంటే వందల ఏళ్లుగా మహా ఇష్టం. ఓడల్లో పీపాలకి పీపాలు దిగేవి. షెర్రీ సీసాల్లోకి పోయాక ఖాళీ పీపా మిగులుతుంది. దాన్ని వెనక్కి పంపితే ఖర్చు. స్కాట్లాండ్ వాళ్లు పొదుపుకి పేరు మోసినవాళ్లు, చవగ్గా కొని విస్కీ నింపారు. పారేయాల్సిన చెక్కలో పోసింది కాస్తా ఎండుద్రాక్ష రంగూ ఖర్జూరం రుచీ పట్టి బయటికొచ్చింది. ఇవాళ వేల పౌండ్లు పలికే రుచి పుట్టింది ఇలా ఖాళీ డబ్బాలు వాడుకోవడంలోంచే. మన ఇళ్లలో హార్లిక్స్ సీసాల్లో ఊరగాయ పెట్టుకోలేదూ!

1980ల్లో ఆ దారి మూసుకుపోయింది. షెర్రీని స్పెయిన్‌లోనే సీసాల్లో నింపి పంపాలన్నారు. ఇక పీపాలు రావడం ఆగింది. ఇప్పుడు వస్తున్నవి విస్కీ కోసమే ప్రత్యేకంగా చేయించి, కొన్నాళ్లు షెర్రీ పోసి నానబెట్టినవి. మంచివే గానీ చవకైనవి మాత్రం కావు, ఓడలో షెర్రీ మోసుకొచ్చిన ఆ పాత చెక్కతో సమానమూ కావు. 1960ల్లో, 70ల్లో నింపిన షెర్రీ పీపాల విస్కీ కోసం జనం ఎగబడటానికి సగం కారణం ఇది. ఎంత డబ్బిచ్చినా అదే సరుకు మళ్లీ తయారుచేయలేరు.

గోదాము తలుపు చిన్నది. తలొంచి లోపలికి వెళ్లాలి. రాతి గోడలు, కిందికి దిగిన కప్పు, మట్టి నేల. కరెంటు దీపాలు రెండో మూడో. పీపాల్ని పడుకోబెట్టి, వాటి మీద చెక్క పట్టాలేసి, ఆ పైన ఇంకో వరస. మూడు వరసలకి మించి పేర్చరు. ఇలాంటి పాతకాలం గోదాములు ఇక్కడ ముప్ఫైకి పైగా ఉన్నాయి. లోపల మాటలు వాటంతటవే తగ్గిపోయాయి. వాసన ఎలా చెప్పాలో తెలీదు. మా తాతగారి ఊళ్లో ధాన్యం గాదె అడుగు, దాని పక్కనే ఎవరో తాటిబెల్లం కుండ తెరిచినట్టు, పైనుంచి తడిసిన దుంగల వాసన.

ప్రతి పీపా మూతి మీదా తెల్ల రంగుతో నంబరు, దాని కింద సంవత్సరం. 2009. 1998. ఇంకొంచెం లోపలికి వెళ్తే 1987. నేను పుట్టిన సంవత్సరం వెతుక్కున్నాను, దొరికింది. నేను పాలు తాగుతున్నప్పుడు ఎవరో దీన్ని నింపి, ఇక్కడికి దొర్లించి, తలుపేసి వెళ్లారు. నేను టెన్త్ రాసినప్పుడూ అది ఇక్కడే ఉంది, వీసా వచ్చినప్పుడూ ఇక్కడే ఉంది.

ముసలాయన ఒక పీపాని వేలితో కొట్టి చూపించాడు. కింద కొడితే నిండు చప్పుడు. పైన కొడితే డొల్ల.

ఇక్కడే లెక్క మొదలైంది. ఓక్ చెక్క ఊపిరి పీల్చుకుంటుంది. అందులోంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. దాన్ని వీళ్లు దేవతల వాటా అంటారు. రెండే కదా అనుకుంటాం. షెర్రీ పీపా పెద్దది, 500 లీటర్లు పడుతుంది. పదేళ్లకి 400 చిల్లర. పాతికేళ్లకి 300. నలభై ఏళ్లకి 220 లీటర్లు. సగానికి పైగా దేవతలకే! మరి మిగిలిందైనా అలాగే ఉంటుందా అంటే లేదు, ఈ చలి దేశంలో ఆల్కహాల్ శాతం కూడా ఏటా కొంచెం కొంచెం దిగుతుంది. 63, 64 దగ్గర నింపింది దశాబ్దాలు గడిచేసరికి నలభైల్లోకి వస్తుంది. 40కి ఒక్క చుక్క తగ్గినా దాన్ని విస్కీ అని అమ్మకూడదు. నలభై ఏళ్లు కాపలా కాసి, చివరి రెండేళ్లలో ఆదమరిస్తే పోయినట్టే. అందుకే పాతవాటిని మధ్యమధ్యలో తెరిచి కొలుస్తూ ఉంటారు.

దక్షిణ భారతంలో అయితే ఈ దేవతలకి ఆకలి మరీ ఎక్కువ. బెంగళూరులో అమృత్ వాళ్లు సింగిల్ మాల్ట్ చేస్తారు. అక్కడి వేడికి ఏడాదికి 10 నుంచి 12 శాతం పోతుంది. పదేళ్లకి మిగిలేది సుమారు మూడో వంతే. 2013లో ఎనిమిదేళ్ల విస్కీ ఒకటి తెచ్చి దానికి 'గ్రీడీ ఏంజెల్స్' అనే పేరే పెట్టారు. ఎనిమిదేళ్లే అక్కడ ముసలితనం. నలభై ఏళ్లు అన్న మాట చలి దేశంలో మాత్రమే అనగలరు.

ఈ లెక్కంతా విని మావాడు మెల్లిగా ఫోన్ తీశాడు. ముసలాయన దగ్గరికెళ్లి, నేనొక పీపా కొనబోతున్నాను, ఇది చూడండి అని పీడీఎఫ్ చూపించాడు. ఆయన కళ్లద్దాలు సవరించుకుని బొమ్మలన్నీ ఓపిగ్గా చూశాడు. బాగుంది అనలేదు, బాగోలేదు అనలేదు. నాలుగు ప్రశ్నలడిగాడు. పీపా ఎన్ని లీటర్లది? అంతకు ముందు అందులో ఏముండేది, ఎన్నోసారి నింపుతున్నారు? నంబరెంత? ఇప్పుడు ఏ ఊళ్లో, ఏ గోదాములో ఉంది?

మావాడు పేజీలు కిందికీ పైకీ జరిపాడు. ఇరవై పేజీల్లో ఒక్కదానికీ జవాబు లేదు. "ఓక్" అని మాత్రం ఉంది. స్కాట్లాండ్‌లో విస్కీ పీపా అన్నాక ఓక్ కాక వేపచెక్క ఉంటుందా?

తర్వాత మేము చదివి తెలుసుకున్నది కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఈ ఫోన్లు మావాడికి ఒక్కడికే రావట్లేదు. పీపా చేతులు మారిందనడానికి గోదాము వాళ్లకి వెళ్లాల్సిన కాగితం పేరు డెలివరీ ఆర్డర్. మీ పేరు గోదాము పుస్తకాల్లోకి ఎక్కాలి. అమ్మేవాడు ప్రింటు తీసి ఇచ్చే సర్టిఫికెట్ ఎంత అందంగా ఉన్నా దానికి ఆ విలువ లేదు. ఒకే పీపాని ఇద్దరు ముగ్గురికి అమ్మిన కేసులున్నాయి, అసలు లేని పీపాల్ని అమ్మిన కేసులూ ఉన్నాయి. ఒకవేళ పీపా నిజంగా ఉన్నా, డిస్టిలరీ పేరు సీసా మీద వేసుకునే హక్కు దానితో పాటు వస్తుందన్న గ్యారంటీ లేదు. పదేళ్ల గోదాము అద్దె, బీమా వేరే. గ్రాఫులో దేవతల వాటా తీసేసిన గీత ఎక్కడా లేదు.

టూర్ చివర్లో ఒక హాలుకి తీసుకెళ్లారు. షిప్స్ రూమ్ అంటారు. గోడలకి ఉన్న ఓక్ పలకలన్నీ 'ఎంప్రెస్ ఆఫ్ ఆస్ట్రేలియా' అనే పాత ప్రయాణికుల ఓడవి. ఓడని విడగొట్టినప్పుడు తెచ్చి ఇక్కడ బిగించారు. ఖాళీ పీపాని వదలని మనుషులు ఓడ చెక్కని మాత్రం వదులుతారా?

ఈ కుటుంబం కథ అక్కడే పూర్తిగా విన్నాం. డిస్టిలరీకి లైసెన్సు వచ్చింది 1836లో. 1865లో జాన్ గ్రాంట్ అనే రైతు దాన్ని 511 పౌండ్ల 19 షిల్లింగులకి కొన్నాడు. (మావాడి మూడున్నర వేలకి ఆ లెక్కన ఆరు డిస్టిలరీలు వచ్చి చిల్లర మిగిలేది.) అప్పట్నుంచి ఆరు తరాలు. పేర్లు రెండే, జాన్, జార్జ్, జాన్, జార్జ్. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు మన ఒక్కళ్లదే అనుకున్నాను.

మావాణ్ని కదలకుండా కూర్చోబెట్టింది మాత్రం 1890ల కథ. అప్పుడు విస్కీ అంటే పిచ్చి. ఇప్పుడు క్రిప్టోలాగ, అప్పుడు పీపాలు. జనం అప్పులు చేసి మరీ విస్కీ నిల్వల మీద డబ్బులు పెట్టారు. ఆ ఊపులో అందరికన్నా పైన వెలిగింది లీత్ రేవు పట్నంలోని ప్యాటిసన్ సోదరులు, రాబర్ట్, వాల్టర్. 500 చిలకలకి తమ విస్కీ పేరు పలకడం నేర్పి దుకాణాలకి పంచిపెట్టారని చెబుతారు. ఇవాళ్టి ఇన్‌ఫ్లుయెన్సర్లకి ముత్తాతలు ఆ చిలకలే. గ్లెన్‌ఫార్‌క్లాస్‌లో సగం వాటా కూడా వీళ్ల కంపెనీదే. చివరికి 1898 డిసెంబర్లో బుడగ పగిలింది. చూస్తే నిల్వల విలువ ఎక్కువ చేసి చూపించి, వాటి మీద అప్పుల మీద అప్పులు. చవక సరుకులో కాస్త మంచి విస్కీ కలిపి అంతా మేలిరకమే అని అమ్మకం. 1901లో అన్నదమ్ములిద్దరూ జైలుకెళ్లారు. వాళ్లతో పాటు ఎన్నో కంపెనీలు మునిగాయి, డిస్టిలరీలు మూతపడ్డాయి.

గ్రాంట్ కుటుంబం కూడా మునగాల్సిందే. ఎలాగో ఒడ్డునపడి, ఏళ్ల తరబడి అప్పులు తీర్చుకుంటూ మళ్లీ మొత్తం తమ చేతుల్లోకి తెచ్చుకుంది. బయటివాళ్లకి వాటా ఇవ్వకూడదన్న పట్టుదల అక్కడ పుట్టింది. వాటాదారులుంటే ప్రతి మూడు నెలలకీ లాభం చూపించమంటారు. నిండు పీపాని నలభై ఏళ్లు అమ్మకుండా కూర్చుంటానంటే ఒప్పుకోరు. అడిగేవాళ్లు ఇంట్లోవాళ్లే కాబట్టి ఇక్కడ కుదిరింది. 2007లో 'ఫ్యామిలీ క్యాస్క్స్' అని విడుదల చేశారు. 1952 నుంచి 1994 వరకు ఏ సంవత్సరమూ తప్పకుండా, ఏడాదికొక పీపా చొప్పున 43 విస్కీలు. 1952లో ఆ పీపా నింపిన మనిషి దాన్ని రుచి చూస్తానని అనుకుని ఉండడు.

పాతది కాబట్టి గొప్పది అంటే నేను ఒప్పుకోను. కొత్త షెర్రీ చెక్కలో మరీ ఎక్కువకాలం ఉంచితే విస్కీ కాస్తా కాషాయంలా చేదెక్కుతుంది. నోరు పీక్కుపోతుంది. అందుకే మరీ ముసలివాటిని చాలావరకు ఒకటి రెండుసార్లు వాడేసిన, జోరు తగ్గిన పీపాల్లోనే ఉంచుతారు. నలభై ఏళ్లదాని ధర నాలుగంకెల పౌండ్లు, దాన్ని కొన్నవాళ్లలో మూత తీసేవాళ్లు ఎంతమందో! అల్మారాలో పెట్టి ధర పెరగాలని చూసేవాళ్లకి అది విస్కీ అయితేనేం, టెంకాయనూనె అయితేనేం. అన్ని తరాల ఓపిక ఒక సీల్ వేసిన మూత దగ్గర ఆగిపోతుందంటే నాకు కాస్త దిగులేసింది.

రుచి చూసే సమయానికి నేను డ్రైవర్ని. స్కాట్లాండ్‌లో తాగి నడిపే విషయంలో పరిమితి మిగతా బ్రిటన్ కన్నా తక్కువ. ఇంగ్లండ్‌లో 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటే ఇక్కడ 50. ఒక్క పెగ్గుతోనే ఇరుక్కోవచ్చు. నా వాటాని చిన్న గాజు సీసాల్లో పోయించుకున్నాను. మావాడికి మాత్రం మూడు గ్లాసులు వరసగా. చివరిది 25 ఏళ్లది. ఇద్దరం ఆడిన బేరం అది, ఒక్క గుటక ధర వింటే మా అమ్మ అట్లకాడ తీసేది.

వాడు మామూలుగా అయితే పెప్సీ కలపకుండా ఏదీ తాగడు. ఆ గ్లాసు మాత్రం పావుగంట పట్టుకుని కూర్చున్నాడు. ఎలా ఉందిరా అంటే చాలాసేపు చెప్పలేదు. "ముందు ఎండుద్రాక్ష. తర్వాత వక్క నమిలినట్టు. మింగేశాక కూడా పోవట్లేదు మావా, ఇంకా ఏదో వస్తోంది" అన్నాడు. కాసేపాగి, "నా పీపా పదేళ్లకి ఇలా అవదు కదా" అన్నాడు. అవదని వాడికే తెలుసు.

తిరుగు దారిలో మా అమ్మ వీడియో కాల్. ఎక్కడికెళ్లార్రా అంటే, కొండ చూడ్డానికి అన్నాను. కెమెరా తిప్పి బెన్ రిన్నెస్ చూపించాను. అబద్ధమేమీ కాదు.

సోమవారం పదింటికి లండన్ ఫోన్ వచ్చింది. మావాడు స్పీకర్లో పెట్టాడు. ముసలాయన అడిగిన నాలుగు ప్రశ్నలూ అదే వరసలో అడిగి, ఐదోది తనది కలిపాడు, "డెలివరీ ఆర్డర్ ఇస్తారా?" అటువైపు కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత, ఇవన్నీ మా సీనియర్ మేనేజర్ గారు మాట్లాడతారు సార్, ఇంకో గంటలో చేయిస్తాను అన్నాడు. ఆ గంట ఇంకా అవలేదు. డబ్బులో మూడు వేలు ఆ వారమే ఊరికి వెళ్లాయి. మిగిలిన ఐదొందల్లోంచి వాడు ఒక 15 ఏళ్ల గ్లెన్‌ఫార్‌క్లాస్ సీసా కొన్నాడు, వాళ్ల నాన్నగారికి.

నా 25 ఏళ్లది శనివారం రాత్రి వంటగదిలో, స్టీలు గ్లాసులో తాగాను. సగమే. వాడు చెప్పిన వక్క రుచి నిజమే, చివర్లో దొరికింది. మిగతా సగం మూత బిగించి పైఅరలో పెట్టాను. మొన్న తీసి చూస్తే అడుగున వేలెడు కూడా లేదు.

మావాణ్ని అడిగితే దేవతలు అంటున్నాడు.